మక్కీకి మక్కీ సరే, అసలు ఈ "తర్జుమా" ఎక్కడిది?

నిన్న నా పోస్టు కింద ఒకాయన "ఇది అనువాదం కాదండీ, మక్కీకి మక్కీ తర్జుమా" అని పెట్టారు. తిట్టు బావుంది, అందుకని కోపం రాలేదు. మక్కీ అంటే హిందీలో ఈగ కదా, పాత పుస్తకం చూసి రాస్తున్న గుమాస్తాకి ఓ పేజీలో చచ్చిన ఈగ అంటుకుని కనబడితే తన కాపీలోనూ సరిగ్గా అక్కడే ఓ ఈగని చంపి అతికించాడని కథ చెప్తుంటారు.

ఈగ సంగతి వదిలేద్దాం, నన్ను పట్టుకుంది తర్జుమా. ఉర్దూ నుంచి మనకొచ్చింది, ఉర్దూకి అరబ్బీ నుంచి పార్సీ మీదుగా వచ్చింది, అక్కడిదాకా అందరం చెప్పేస్తాం. కానీ అరబ్బీకీ అది సొంత సొత్తు కాదు, పశ్చిమాసియాలోని పాత భాష అరమాయిక్ నుంచి తెచ్చుకున్నదే అంటారు, ఇంకా వెనక్కెళ్తే ప్రాచీన మెసొపొటేమియా భాష అక్కాదీయంలో "తర్గుమాన్ను", అంటే మన దుబాసీ. తమాషా ఏంటంటే 9వ శతాబ్దంలో బాగ్దాద్‌లో గ్రీకు పుస్తకాల్ని అరబ్బీలోకి తెచ్చినవాళ్ళలో ఎక్కువమంది ఆ అరమాయిక్ శాఖే అయిన సిరియాక్‌లో చదువుకుని ప్రార్థనలు చేసుకునే క్రైస్తవులు.

వాళ్ళలో పెద్దాయన హునైన్ ఇబ్న్ ఇస్హాక్ (808–873), హీరా ఊరివాడు, ఖలీఫా ఆస్థాన వైద్యుడు. పాతకాలపు గ్రీకు వైద్యుడు గేలెన్ రాసిన ఒక చిన్న వైద్య పుస్తకాన్ని ఇరవై ఏళ్ళప్పుడు తప్పులతడక ప్రతి పెట్టుకుని సిరియాక్‌లోకి చేశాడట, నలభై దగ్గరపడ్డాక శిష్యుడు హుబైష్ దాన్ని సరిచెయ్యమంటే, అప్పటికి పోగేసిన గ్రీకు ప్రతులన్నీ పక్కపక్కన పెట్టి ముందు ఒక సరైన గ్రీకు పాఠం తయారుచేసుకుని, దానితో తన పాత తర్జుమాని పోల్చి దిద్దాడు. ఇది ఆయనే రాసుకున్నాడు, ఏది చేసినా ఇదే నా పద్ధతి అని కూడా. ఈగ ఎవరిదో ముందే తేల్చుకునే మనిషన్నమాట.

↳ సూపర్ అన్నా. మాటకి మాట పెట్టేవాళ్ళు మరి అప్పుడు లేరా?

↳ ఎందుకు లేరు తమ్ముడూ. 14వ శతాబ్దంలో సఫదీ అనే ఆయన రెండు రకాలని రాశాడు, ఒకటి గ్రీకు మాట చూడ్డం దానికో అరబ్బీ మాట పెట్టడం, రెండోది హునైన్ పద్ధతి, వాక్యం మొత్తం బుర్రకెక్కించుకుని తన భాషలో చెప్పడం. మొదటిది చెడ్డదన్నాడు, ఎందుకంటే ప్రతి గ్రీకు మాటకీ అరబ్బీలో జోడీ ఉండదు, వాక్యం కట్టే తీరూ వేరు. అసలు విషయం ఇంత నీటుగా రెండు ముక్కలుగా ఉండేది కాదని ఇప్పటి పండితులంటారు, నాకూ అదే అనిపిస్తుంది.

↳ "జౌహర్" మర్చిపోయారు మాస్టారూ! అరిస్టాటిల్ "ఊసియా"కి, అంటే మన తత్వశాస్త్రంలో ద్రవ్యం అనే దానికి, అరబ్బీలో స్థిరపడ్డ మాట అదే. పార్సీ "గౌహర్", అంటే రత్నం, దాన్నే అరబ్బీ చేశారు. దాని బహువచనం జవాహిర్, మన జవాహర్‌లాల్‌లో ఉన్నది అదే.

↳ భలే గుర్తుచేశారండీ. దీనికి ఉల్టా కేసు, మాట అతక్క అర్థమే మారిపోయింది కూడా ఉంది, అబూ బిష్ర్ మత్తా (మరణం 940), ఆయనా క్రైస్తవుడే, అరిస్టాటిల్ కావ్యశాస్త్రాన్ని సిరియాక్ నుంచి అరబ్బీలోకి తెచ్చాడు. అక్కడ గ్రీకు నాటకం ఎవరు చూశారు కనక? ట్రాజెడీకి "మదీహ్" అంటే పొగడ్త పద్యం, కామెడీకి "హిజా" అంటే తిట్టు పద్యం అని పెట్టేశాడు. 12వ శతాబ్దంలో స్పెయిన్‌లో ఇబ్న్ రుష్ద్ అనే తత్వవేత్త దానికి వ్యాఖ్యానం రాస్తూ ట్రాజెడీ అంటే పొగడ్తే అనుకుని అరబ్బీ పద్యాలు ఉదాహరణలిచ్చాడు.

↳ హహ, పాపం. మనం శుభ్రంగా "విషాదాంతం" అన్నాం.

↳ ఆగండాగండి, నవ్వకండి. గ్రీకు నాటకకర్త యూరిపిడీస్ ట్రాజెడీ ఒకదాంట్లో ఇఫిజీనియా తన తమ్ముణ్ణే బలివ్వబోతూ గుర్తుపట్టి ఆగిపోతుంది, ఇద్దరూ క్షేమంగా తప్పించుకుపోతారు. ఆ గుర్తుపట్టే ఘట్టాన్ని అరిస్టాటిల్ మెచ్చుకున్నాడు కూడా. మరి దాన్ని ఏ "అంతం" అందాం?