బొక్క అంటే ఎముకా, రంధ్రమా?

ప్రశ్న – మర్రిగూడ మనవడు
మా వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన తరం మా నాయనమ్మది. బొక్కల నొప్పి ఇంట్లో రోజూ వినే ముచ్చటే. మొన్న హైదరాబాద్‌లో ఒక దవాఖానాకు తీసుకుపోయాను. కోస్తా నుంచి కొత్తగా వచ్చిన కుర్ర డాక్టర్ "ఏమైంది మామ్మగారూ?" అన్నాడు. "మోకాలి కింద బొక్క గుంజుతుంది బిడ్డా" అంది. పాపం, ఆయన టార్చి వేసి మరీ పిక్క మీద పుండు కోసం వెతికాడు! నాయనమ్మకు కోపం వచ్చింది. "బొక్క లోపలుంటది గానీ పైనుంటదా?" నేను "ఎముక సార్" అన్నాకే ఎక్స్‌రే రాశాడు.
వాళ్లకు బొక్క అంటే రంధ్రమట. ఒకే మాటకు ఇంత తేడా ఎట్లా వచ్చింది?

జవాబు – అచ్చంపేట పంతులు
మన దగ్గర రంధ్రాన్ని ఏమంటారో గుర్తు తెచ్చుకో తమ్ముడూ. ఎలుక పొక్క, బనియన్‌కు పొక్క. 'ప'తో. కోస్తాలో అదే 'బ'తో బొక్క. మనకు తికమక లేదు, ఊరు దాటితేనే చిక్కు.
ఈ గుల్ల అనే అర్థం పాతదే. పళ్లూడిన నోటిని తమిళంలో 'పొక్కై వాయ్' అంటారు. బొడ్డుకు పాత తెలుగులో 'పొక్కిలి', కన్నడంలో 'హొక్కుళు'. మరి ఎముకకు ఆ పేరెందుకంటే, నా ఊహ ఇది: ఆదివారం కూరలో మూలుగ బొక్క చూడు. అడ్డంగా నరికితే గొట్టమే. పళ్లెం అంచుకు రెండు దెబ్బలు కొట్టి, నోరు పెట్టి గట్టిగా జుర్రితే గానీ మూలుగ ఊడి రాదు. అట్లా తినేవాళ్లే పెట్టి ఉంటారు ఈ పేరు.

జవాబు – నారాయణపేట చేనేత
సార్, పుర్రె కూడా బొక్కే కదా, పక్కబొక్కలు కూడా. వాటిలో గొట్టం ఏది? 'ఎముక' సంగతైతే తేలిక. మా ఇంట్లో కన్నడం కూడా నడుస్తుంది, అమ్మ 'ఎలుబు' అంటుంది. తమిళంలో 'ఎలుంబు', పాత తెలుగులో 'ఎమ్ము'. అన్నీ ఒకే కుదురు.

జవాబు – అచ్చంపేట పంతులు
ఒకదానికి పుట్టిన పేరు అన్నిటికీ పాకడం మామూలే. నూనె అంటే నువ్వుల నెయ్యి. ఇప్పుడు పల్లి నూనె అనడం లేదా?

జవాబు – మర్రిగూడ మనవడు
నూనె ముచ్చట బాగుంది పంతులు గారూ. తాత పోయినప్పుడు వాడపల్లిలో అయ్యగారు "అస్థికలు కలపండి" అన్నాడు. మా చిన్నాయన కుండ పట్టుకుని "బొక్కలు ఎటు కలపాలె, మూసీలనా, కృష్ణలనా?" అని అడిగాడు. అయ్యగారు టార్చి కోసం వెతకలేదు. ఆయనది మిర్యాలగూడే.