మా ల్యాబ్ కుక్కకి గోకుడు ఆగుతలేదు, ఏ షాంపూ మంచిగుంటది?

బంటి వాళ్ల నాయిన, మిర్యాలగూడ

అందరికి నమస్తే. మా బంటి ల్యాబ్రడార్, మొగది, మూడేండ్లు. రెండు నెలల సంది గోకుడే గోకుడు, రాత్రి రెండింటికి మంచం కింద కాలు బండలకి టకటకటక కొట్టుకునే సప్పుడుకి ఇంట్ల అందరం లేస్తున్నం. కడుపు కింద ఎర్రగైంది, చంకల్ల తోలు నల్లగ మందంగ అయింది, పాదాలు నాకి నాకి ఏళ్ల సందుల బొచ్చు తుప్పు రంగు పట్టింది. చెవుల కాడ ముక్కు పెడితే పులిసిన పిండి వాసన.

ముందుగాల మా ఇంట్ల వాడే షాంపూనే పెట్టినం, తర్వాత ఒక పెట్ షాపుల అడిగితే సెంటు వాసన వచ్చేది ఒకటి ఇచ్చిండు, పోసిన రెండు రోజులు గుమగుమ, మూడోరోజు ఇంకా ఎక్కువ గోకుడు. డెట్టాల్ నీళ్లు కూడ పోసిన. డాక్టర్ ఇంజక్షన్ ఇస్తే పది రోజులు మంచిగుండె, మల్ల మొదలు. మాది బోరు నీళ్లు, బకెట్‌కి తెల్లగ ఉప్పు పేరుకుంటది, అది కూడ కారణమా? మన నల్గొండ ఫ్లోరైడ్ నీళ్ల వల్లనే అంటడు మా బామ్మర్ది. ఏ షాంపూ కొనాలె, వారానికి ఎన్నిసార్లు పొయ్యాలె, జర చెప్పుండ్రి.

కోదాడ తమ్మి

అన్న బేబీ షాంపూ పెట్టు, మా పామ్‌కి (పామరేనియన్ కుక్క) రెండేండ్ల సంది అదే, ఏం కాలే.

పాలమూరు అక్క

తమ్మీ నీ పామ్‌కి గోకుడు లేదు కాబట్టి ఏం కాలే. మన తోలు పీహెచ్ 5.5 కాడ ఉంటది, కుక్కలది 7కి దగ్గర. పైగా మన తోలు పైపొరల 10-15 వరుసలుంటే వాటికి 3-5 వరుసలే. మన షాంపూలు వాటికి తోలు ఎండగొడ్తయ్. బేబీ షాంపూ ఒకసారికి పర్వాలేదు కావచ్చు గని అది మందు కాదు.

బంటి వాళ్ల నాయినా, షాంపూ తర్వాత, ముందుగాల ఎక్కడ గోకుతుందో చూడు. మాకు రెండు కుక్కలు, ఒకటి దేశీది, దానికి గజ్జి వచ్చినప్పుడు నేను కూడ నీలెక్కనే షాంపూలు మార్చుకుంట మూడు నెలలు పోగొట్టుకున్న. చెవి అంచుల మీద, మోచేతుల మీద బొచ్చు ఊడి పొట్టు కట్టింది, చెవి అంచుని రెండు ఏళ్ల నడుమ పట్టి మెల్లగ రుద్దితే చాలు, ఎనక కాలు దానంతట అదే గాల్లో గోకుడు మొదలుపెట్టేది, అది గజ్జికి పెద్ద గుర్తు అన్నడు పశువుల దవాఖాన డాక్టర్. అటెనక నాకు, మా అత్తమ్మకి నడుము కాడ, చేతుల మీద సన్న సన్న పొక్కులు! ఆ గజ్జి మనుషులకి కూడ అంటుకుంటది. బ్లేడుతోని తోలు గీకి మైక్రోస్కోప్ కింద చూసి మందు రాసిచ్చిండు. షాంపూ ఒక్కదానితోని ఆ పురుగు పోదు.

నీ బంటికి చెవి అంచులు మంచిగున్నయా? నువ్వు చెప్పేది కడుపు, చంకలు, పాదాలు, చెవి వాసన. అది వేరే లెక్క అనిపిస్తుంది.

ఇంకోటి, ఈ రోజే చెయ్యి. తోక మొదట్ల, నడుము మీద సన్న దువ్వెనతోని దువ్వి, వచ్చిన నల్ల నూకలని తడిపిన తెల్ల బట్ట మీద దులుపు. ఎర్రగ మరక పారిందంటే అది మట్టి కాదు, పురుగులు తాగి ఏరిగిన రక్తం. గోమార్లు కాదు నేననేది, దుంకే సన్న పురుగులు, ఫ్లీలు. గోమార్లు కంటికి కనపడ్తయ్, ఇవి బొచ్చుల దాసుకుంటయ్.

మందుల షాపు, సూర్యాపేట

అక్క చెప్పింది కరెక్టు. నేను డాక్టర్ని కాదు, షాపుల పెట్ మందులు కూడ అమ్ముత, అందుకే ఇంత చెప్పగలుగుత.

సీసా ముందు కుక్క ఫొటో చూసి కొనకుండ్రి, ఎనక సన్న అక్షరాలు చదవుండ్రి. క్లోర్‌హెక్సిడిన్ అని 2 నుంచి 4 శాతం ఉంటే అది చీము పొక్కులకి, బ్యాక్టీరియాకి. కీటోకొనజోల్ గని మైకొనజోల్ గని ఉంటే ఈస్ట్ ఫంగస్‌కి, ఆ పులిసిన వాసన, జిడ్డు, నల్లగ మందమైన తోలు ఎక్కువ దానివల్లనే వస్తది. రెండూ కలిపినయ్ దొరుకుతయ్, కీటోక్లోర్ అట్లాంటిదే. ఓట్‌మీల్ అనేది ఎండిపోయిన తోలుకి కొంచెం సల్లదనం ఇస్తది, అంతే, ఫంగస్‌ని ఏం చెయ్యదు. గోమార్లకి ఫ్లీలకి అమ్మేవి వేరే, అవి పెట్టి ఫంగస్ పోలేదని తిట్టుకునుడు మా షాపుల రోజు నడిచే పంచాయితే. డెట్టాల్ బంద్ చెయ్యుండ్రి దయచేసి, మంట పుడ్తది, నాకితే కడుపులకి పోతది.

మందు షాంపూ పెట్టి టక్కున కడిగితే నీళ్లల్ల పోసినట్టే. పది నిమిషాలు ఉంచాలె. ఫోన్‌ల టైమర్ పెట్టుకో అన్న, అందాజ మీద పది నిమిషాలంటే మూడే అయితది. ముందు పాదాలకి, కడుపుకి పెట్టి, తర్వాత వీపు మీదికి పోతే చెడ్డ జాగలకి ఎక్కువ టైం దొరుకుతది. ఆ టైంల నాకనియ్యొద్దు. మామూలుగ వారానికి రెండుసార్లు, మూడు నాలుగు వారాలు రాస్తరు, గని పచ్చి పుండ్లు ఉంటే డాక్టర్‌ని అడగకుండ పొయ్యొద్దు.

నీళ్ల సంగతి. ఫ్లోరైడ్‌కి దీనికి సంబంధం లేదు, బకెట్‌కి తెల్లగ పట్టేది కాల్షియం, మెగ్నీషియం, ఆ నీళ్లల్ల నురుగు సరిగ రాదు, కడిగినా షాంపూ జిగట తోలుకి మిగిలిపోతది. ఆఖరు కడుగుడు ఒక రెండు బకెట్లు భగీరథ నల్లా నీళ్లు పట్టిపెట్టుకో. వేడి నీళ్లు వద్దు, దురద ఇంకా లేస్తది.

దేవరకొండ రైతు

ఇవన్ని ఎందుకు అన్న, మా తాత కాలం సంది కాలిన ఇంజన్ ఆయిల్ రుద్దితే రెండు దినాలల్ల గజ్జి పోతది.

పాలమూరు అక్క

వద్దన్నా. ఆయిల్ రుద్దినంక కుక్క నాకకుండ ఉంటదా? కడుపులకి పోతది, ఊపిరితిత్తులకి కూడ పోయే ప్రమాదం ఉంటది, ఒళ్లంత మంట వేరే. మా గల్లీల ఒక కుక్కకి అట్ల రుద్ది ఎండల కట్టేసిన్రు, అది పడ్డ బాధ చూసినంక మాట్లాడు.

బంటి వాళ్ల నాయిన, మిర్యాలగూడ

అక్కా దువ్విన. మా బిడ్డ తెల్ల కర్చీఫ్ తడిపి పట్టుకుంటే దాని మీద దులిపితిని, ఒక నిమిషంకి నల్ల నూక చుట్టూ ఎర్రగ పారింది, బిడ్డ కర్చీఫ్ ఆడనే పడేసి ఉరికింది. చెవి అంచులు రుద్దిన, కాలు లేపలే. అంటే ఫ్లీలు, ఫంగస్ రెండూ ఉన్నట్టా? నాలుగు రోజుల కిందనే మెడ మీద చుక్కల మందు పోసినం, తెల్లారే స్నానం పోపిచ్చినం, అందుకే పని చెయ్యలేదా?

మందుల షాపు, సూర్యాపేట

అవే కొంపలు ముంచేది. చుక్కల మందు పోసేదానికి రెండు రోజులు ముందు, రెండు రోజులు తర్వాత నీళ్లు తగలకుంటే మంచిది, షాంపూతోని కొట్టుకపోతది. ఎట్లాగు నువ్వు వారానికి రెండుసార్లు పోస్తవు కాబట్టి నోటికిచ్చే గోళి గురించి డాక్టర్‌ని అడుగు, ఫ్లూరలానర్ గోళి ఒకటేస్తే సుమారు 12 వారాలు, అఫాక్సొలానర్ అయితే నెలకోటి, షాంపూకి వాటికి గొడవ లేదు. బరువు తూచి ఇస్తరు, మూర్ఛ వచ్చే కుక్క అయితే ముందే చెప్పాలె. ఇంట్ల పిల్లి ఉంటే కుక్క మందు దాని దగ్గరికి రానియ్యొద్దు, కొన్ని కుక్కల చుక్కల మందులల్ల ఉండే పెర్మెత్రిన్ పిల్లులకి ప్రాణం మీదికొస్తది.

పురుగుల గుడ్లు కుక్క మీద ఆగవు, అది పడుకునే బొంత మీద, బండల సందుల పడ్తయ్. బొంత వేడి నీళ్లల్ల ఉతకాలె, మూలలు ఊడవాలె. ఫినాయిల్‌తోని తుడిచి తడిగ ఉన్నప్పుడే కుక్కని పండనిస్తె కడుపు కింద ఎర్రగ అవుడు కూడ చూసిన.

బంటి వాళ్ల నాయిన, మిర్యాలగూడ

(మూడు వారాల తర్వాత)

పశువుల దవాఖానకి పోయినం. చంకల కాడ సెల్లో టేప్ అంటించి తీసి, రంగేసి మైక్రోస్కోప్‌ల చూసిన్రు, ఈస్ట్ అన్నరు. గోళి ఇచ్చిన్రు, కీటోకొనజోల్, క్లోర్‌హెక్సిడిన్ కలిసిన షాంపూ రాసిన్రు, చెవులకి చుక్కలు వేరే. పాత ఇంజక్షన్ దురద తగ్గించేదే గని పురుగుకి, ఫంగస్‌కి కాదంట. ఫినాయిల్ బంద్ చేసినం. మా ఆవిడ ముందు నుంచి అంటనే ఉండె ఫినాయిల్ వల్లనేమో అని, ఇప్పుడు ఇంట్ల నా మాట నడుస్తలేదు.

ఐదు స్నానాలు అయినయ్. వాసన పోయింది, కడుపు ఎరుపు సగం తగ్గింది, చంకల నలుపు ఇంకా ఉంది, దానికి టైం పడ్తదన్నరు. పాదాలు మాత్రం ఇంకా నాకుతడు. తగ్గకుంటే తిండి అలర్జీ చూద్దాం, కోడి మాంసం, పెరుగు అన్ని ఆపి ఎనిమిది వారాలు ఒకటే రకం తిండి పెట్టాలె అన్నరు. ఎనిమిది వారాలు కోడి లేకుండ బంటిగాడు నన్ను ఇంట్ల ఉండనిస్తడా అని అనుమానం.

టైమర్ సంగతి మాత్రం నిజం అన్న. మొదటిసారి నేను పది నిమిషాలైంది అనుకొని ఫోన్ చూస్తే నాలుగే అయినయ్. ఇప్పుడు టైమర్ మోగంగనే బంటిగాడు వాడంతట వాడే లేచి నల్లా నీళ్ల బకెట్ కాడికి పోతుండు.

పాలమూరు అక్క

మంచిగైంది తమ్మి. కోడి ఆపేటప్పుడు ఇంట్ల పిల్లలకి కూడ చెప్పు, దొంగచాటుగ ఒక్క ముక్క ఏసినా లెక్క మళ్ల మొదటికి వస్తది. మా దాంట్లె అట్లనే అయింది, వేసింది మా అత్తమ్మ.