పదడుగుల గదిలో పెద్ద స్పీకర్లు: ఒక్క స్వరమే ఎందుకు హోరెత్తుతోంది?

ప్రశ్న:
సభ్యులకు నమస్కారం. మా ఊరి ఇంట్లో 19 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు ఉన్న హాల్లో ఆరేళ్లుగా వింటున్న పెద్ద స్పీకర్ల జతను, హైదరాబాద్‌లో అద్దెకు తీసుకున్న ఫ్లాట్‌లోని 10 × 10 గదికి ఈమధ్యే మార్చాను. రెండుచోట్లా కప్పు ఎత్తు పదడుగులే. యాంప్లిఫయర్, పాటలు అన్నీ పాతవే అయినా, ఒక పాటలో బేస్ గిటార్ పలికే ఒక స్వరానికి కిటికీ అద్దాలు అదురుతున్నాయి, మరో స్వరం ఉందో లేదో తెలియడం లేదు. గాయని గొంతు ఆ హోరులో మునిగిపోతోంది. వెనక గోడకు ఆనుకుని ఉన్న మంచం మీద కూర్చుని వింటాను. చిన్న గదికి చిన్న స్పీకర్లే కొనుక్కోవాలని కొట్టువారు అంటున్నారు. నిజమేనా?

జవాబు 1:
మీ స్పీకర్లలో లోపమేమీ లేదండి. ధ్వని సెకనుకు సుమారు 1130 అడుగులు ప్రయాణిస్తుంది. ఎదురెదురు గోడల మధ్య దూరాన్ని రెట్టింపు చేసి, దానితో 1130ని భాగిస్తే, ఆ గోడల మధ్య నిలిచి మోగే మొదటి స్వరం సెకనుకు ఎన్ని కంపనాలో, అంటే ఎన్ని హెర్ట్జ్‌లో తెలుస్తుంది. పదడుగులకు అది 56. బేస్ గిటార్‌లో ‘ఎ’ తీగను వేలితో నొక్కకుండా మీటితే పలికేది 55 హెర్ట్జ్. పైగా మీ గదికి పొడవు, వెడల్పు, ఎత్తు ఒకటే కావడంతో మూడు దిక్కులూ కలిసి ఆ ఒక్క స్వరాన్నే ఊపుతున్నాయి. పాత హాల్లో అవి సుమారు 30, 40, 56గా విడిపోయి ఉండేవి. నన్నడిగితే, వైశాల్యం కాస్త తక్కువైనా 12 × 8 గదే మీ గదికన్నా నయం.

జవాబు 2:
లెక్క సరైనదే కానీ, మీరు కూర్చునే చోటు కూడా చూడాలి. ఆ స్వరం గోడల దగ్గర అత్యధికంగానూ, గది నట్టనడుమ దాదాపు లేనట్టుగానూ వినిపిస్తుంది. కాబట్టి మంచం వదిలి, వెనక గోడకు మూడడుగుల ముందు కుర్చీ వేసుకుని వినండి. స్పీకర్లను మూలల్లోంచి జరపండి. వాటి వెనక గాలి గొట్టం ఉంటే అందులో స్పాంజి కుక్కి చూడండి. గోడలకు గుడ్ల అట్టలు మాత్రం అంటించకండి. 56 హెర్ట్జ్ తరంగం పొడవు 20 అడుగులు, దానికి ఆ అట్ట ఒక లెక్కే కాదు. తివాచీ, పరదాలు టైల్స్ నేల వల్ల వచ్చే పై స్వరాల గలగలను తగ్గిస్తాయి, అంతవరకే.

జవాబు 3:
కొట్టువారి మాటనూ పూర్తిగా కొట్టిపారేయలేము. 60 హెర్ట్జ్ కిందికి దిగలేని చిన్న స్పీకర్లు ఆ స్వరాన్ని అంతగా రేపవు, అయితే దానితోపాటు బేస్ కూడా పోతుంది. డబ్బు పెట్టే ముందు, స్వరాల జోరును విడివిడిగా పెంచి తగ్గించే ఈక్వలైజర్‌లో 56 దగ్గర ఐదారు డెసిబెల్స్ తగ్గించి చూడండి. వినబడని స్వరాన్ని మాత్రం అదే పద్ధతిలో పెంచవద్దు. గదే మింగేస్తున్న చోట ఎంత పెంచినా యాంప్లిఫయర్‌కు శ్రమే మిగులుతుంది.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. కుర్చీ ముందుకు వేసి, స్పీకర్లను మూలల నుంచి రెండడుగులు జరిపాక గాయని గొంతు తేటపడింది. అద్దాల అదురు తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. ఇప్పుడు బీరువా తలుపు తెరవాలంటే ఎడమ స్పీకర్‌ను పక్కకు జరపాల్సి వస్తోంది, ఇంట్లో దానికింకా అనుమతి రాలేదు.