కంటికి కనిపించేదే దృశ్యరూపమైతే మరి బ్లడ్ గ్రూప్ సంగతేంటి?

సందేహాల_పుట్ట:
జన్యురూపం అంటే లోపలున్న జన్యువులు, దృశ్యరూపం అంటే బయటికి కనిపించే లక్షణం, ఇంతవరకు పాఠం వచ్చేసింది, పరీక్షలో రాసేస్తాను కూడా. కానీ రెండు చోట్ల బండి ఆగిపోతోంది. బ్లడ్ గ్రూప్‌ని దృశ్యరూపం కింద ఎందుకు రాస్తారు, మొహం చూసి బి గ్రూప్ అని ఎవరూ చెప్పలేరు కదా? ఇంకోటి, జన్యురూపం ఒకటే అయితే దృశ్యరూపమూ ఒకటే రావాలని నా లెక్క, మా సార్ మాత్రం "అలా ఏం లేదు" అని ఒక్క ముక్కలో తేల్చేసి తర్వాతి పాఠంలోకి వెళ్లిపోయారు. నిర్వచనాలు వద్దు, అవి చాలా చదివాను.

ల్యాబ్‌కోటు:
కంటికి కనబడాలన్న షరతు పక్కన పెట్టండి, సగం తలనొప్పి పోతుంది. కొలిచి గానీ, పరీక్ష చేసి గానీ తేల్చగలిగిన లక్షణం ఏదైనా దృశ్యరూపమే. యాంటీ-బి సీరం (బి రకం కణాలను గుంపు కట్టించే ద్రవం) చుక్క వేస్తే రక్తకణాలు గుంపులు కట్టాయనుకోండి, కణం మీద బి యాంటిజెన్ (గ్రూప్ ఏదో తెలిపే గుర్తులాంటి పదార్థం) ఉన్నట్టు, అది దృశ్యరూపం. లోపల రెండూ బి జన్యువులేనా, ఒకటి బి ఒకటి ఓ నా అన్నది ఆ చుక్క చెప్పదు.

రెండోదానికి సయామీస్ పిల్లిని చూడండి. ఒళ్లంతా అవే జన్యువులు, అయినా ఒళ్లు లేత రంగు, చెవులు, మూతి, పాదాలు, తోక మాత్రం ముదురు రంగు. మెలనిన్ అనే రంగు పదార్థం తయారీకి కావలసిన టైరోసినేజ్ ఎంజైమ్ వీటిలో మ్యుటేషన్ వల్ల వేడికి తట్టుకోదు, కాస్త చల్లగా ఉండే అంచుల్లోనే సరిగ్గా పనిచేస్తుంది. తల్లి కడుపులో వెచ్చగా ఉంటుంది కాబట్టి కూనలు దాదాపు తెల్లగానే పుడతాయి, రంగు తర్వాత ఎక్కుతుంది. హిమాలయన్ కుందేలుకి వీపు మీద బొచ్చు గీసేసి ఐస్ ప్యాక్ కడితే అక్కడ కొత్త బొచ్చు నల్లగా వస్తుంది. జన్యువులో ఏ మార్పూ లేదు.

సందేహాల_పుట్ట:
సూపర్ అండీ. అయితే గుండ్రటి బఠానీ గింజ ఒకటి చేతికిస్తే దాని జన్యురూపం చెప్పడం అసాధ్యమేనా?

పాత_బోటనీ:
గింజని చూసి చెప్పలేరు, దాని సంతానాన్ని చూసి చెప్పొచ్చు. బఠానీలతో ప్రయోగాలు చేసిన మెండెల్ పేరు చెప్తే అందరూ 3:1 (మూడు గుండ్రటివికి ఒక ముడతలది) అంటారు, నన్నడిగితే అసలు తెలివంతా ఆ తర్వాతి మెట్టులో ఉంది. రెండో తరంలో 5474 గుండ్రటివి, 1850 ముడతలవి వచ్చాయి కదా, అక్కడితో ఆగకుండా గుండ్రటి గింజల నుంచి పెరిగిన 565 మొక్కల్లో స్వపరాగ సంపర్కం జరగనిస్తే 193 మొక్కలు గుండ్రటి గింజలే ఇచ్చాయి, 372 రెండు రకాలూ ఇచ్చాయి. చూడ్డానికి అన్నీ ఒకటే, లోపల దాదాపు 1:2. ఇదంతా 1866లో అచ్చయింది, జీనోటైప్ (జన్యురూపం), ఫీనోటైప్ (దృశ్యరూపం) అన్న పేర్లు పెట్టింది మాత్రం 1909లో డెన్మార్క్ శాస్త్రవేత్త యోహాన్సెన్. తొందరగా తేలాలంటే దాని మొక్కని ముడతల రకంతో సంకరణం చేయండి, దీన్నే టెస్ట్ క్రాస్ అంటారు, ముడతల గింజ ఒక్కటి వచ్చినా మీ చేతిలోది విషమయుగ్మజమే, అంటే లోపల గుండ్రటి జన్యువొకటి, ముడతల జన్యువొకటి ఉన్నట్టే.

మైక్రోస్కోప్_మనిషి:
"చూడ్డానికి అన్నీ ఒకటే" అన్న మాట దగ్గర ఆగండి. గుండ్రటి విషమయుగ్మజ గింజలోని పిండి రేణువులు మైక్రోస్కోప్ కింద రెండు శుద్ధ రకాలకీ మధ్యరకంగా ఉంటాయి. అంటే ఆకారానికి బహిర్గతం (ఒక జన్యువు రెండోదాన్ని పూర్తిగా కప్పేస్తుంది), పిండి రేణువుకి అసంపూర్ణ బహిర్గతం (పూర్తిగా కప్పలేదు), జన్యువు మాత్రం అదే. ఏ స్థాయిలో చూస్తున్నారో చెప్పకుండా దృశ్యరూపం గురించి మాట్లాడటం దండగ.

ల్యాబ్‌కోటు:
ఒప్పుకుంటాను. బ్లడ్ గ్రూప్‌లో ఇంకో మెలిక ఉంది. బి జన్యువు ఉండి కూడా మామూలు పరీక్షలో ఓ అని వచ్చేవాళ్లున్నారు. 1952లో బొంబాయిలో భెండే బృందం బయటపెట్టింది, అందుకే బాంబే గ్రూప్ అంటారు. ఎ, బి యాంటిజెన్లు తయారవ్వాలంటే ముందు హెచ్ యాంటిజెన్ ఉండాలి, దాని జన్యువు రెండు ప్రతులూ పాడైతే బి జన్యువు ఉన్నా ఉపయోగం ఉండదు. ఇలాంటి తల్లికీ, మామూలు ఓ గ్రూప్ తండ్రికీ బి గ్రూప్ బిడ్డ పుట్టొచ్చు, బి తల్లి నుంచి, హెచ్ తండ్రి నుంచి వస్తాయి. ఓ, ఓ కలిస్తే ఓ తప్ప రాదన్న పట్టిక పట్టుకుని తండ్రెవరని అనుమానపడితే అంతకన్నా అన్యాయం లేదు. పైగా వీళ్ల ఒంట్లో యాంటీ-హెచ్ (హెచ్ యాంటిజెన్ మీద దాడి చేసే ప్రతిరక్షకం) ఉంటుంది కాబట్టి హెచ్ ఉండే ఓ గ్రూప్ రక్తం కూడా పడదు, బాంబే గ్రూప్ రక్తమే కావాలి.