వాల్ట్ నుంచి పాస్‌వర్డ్ సరిగ్గా వస్తోందో లేదో టెస్ట్ చేసేదెలా?

ప్రశ్న:
గిట్‌హబ్ యాక్షన్స్ (కోడ్‌ని ఆటోమేటిగ్గా బిల్డ్, డిప్లాయ్ చేసే సర్వీస్) బిల్డ్‌లో డేటాబేస్ పాస్‌వర్డ్‌ని హాషికార్ప్ వాల్ట్ (రహస్యాలు దాచే సర్వర్) నుంచి ఓఐడీసీతో, అంటే జాబ్‌కి గిట్‌హబ్ ఇచ్చే తాత్కాలిక టోకెన్ చూపించి, తెచ్చుకుంటాం. మొన్నటిదాకా బాగానే నడిచింది. ఇప్పుడు మెయిన్ బ్రాంచ్‌లో కూడా వాల్ట్ లాగిన్ దగ్గరే ఆగిపోతోంది. అప్రూవల్ కోసమని మావాళ్లు డిప్లాయ్ జాబ్‌కి ‘ప్రొడక్షన్’ ఎన్విరాన్‌మెంట్ తగిలించారు, దానికీ దీనికీ సంబంధం ఉండదనుకుంటా. ఇంకోటి, పాస్‌వర్డ్‌ని ఎకో చేస్తే లాగ్‌లో *** అనే వస్తుంది కదా, విలువ సరైనదో కాదో ఎలా తేల్చాలి? బేస్64 (అక్షరాల రూపు మార్చే ఎన్‌కోడింగ్) చేసి చూడమని ఒకాయన అన్నారు. శుక్రవారం రిలీజ్, ఒకటే టెన్షన్.

జవాబు:
ఆ బేస్64 సలహా ఇచ్చినాయనకి దండం పెట్టి వచ్చేయండి. గిట్‌హబ్ దాచేది అచ్చంగా ఆ అక్షరాల వరుసనే. రూపు మారిస్తే గుర్తుపట్టదు, లాగ్‌లో బాహాటంగా పడుతుంది. 2025 మార్చిలో టీజే-యాక్షన్స్ అనే రెడీమేడ్ యాక్షన్ల మీద దాడి చేసినవాళ్లు వాడుకున్నది ఇదే కిటుకు.

విలువ సరైనదో కాదో వాడి చూస్తేనే తెలుస్తుంది. తెచ్చుకున్న వెంటనే ‘సెలెక్ట్ 1’ (డేటాబేస్‌ని పలకరించి చూసే చిన్న క్వెరీ) నడపండి, కనెక్ట్ కాకపోతే బిల్డ్ అక్కడే ఆగాలి. పాస్‌వర్డ్ కరెక్టేనని అందరూ ఒట్టేసినా లాగిన్ కావట్లేదంటే పొడవు లెక్కపెట్టండి. 16 ఉండాల్సింది 17 వస్తే, ఎవరో ఎకోతో పైపు చేసి వాల్ట్‌లో పెట్టారు, చివర న్యూలైన్ అంటుకుంది. న్యూలైన్ కలపని ప్రింట్‌ఎఫ్‌తో మళ్లీ పెట్టించండి.

ఇంకొకరి జవాబు:
ఆ ఎన్విరాన్‌మెంట్‌కీ లాగిన్ ఆగడానికీ సంబంధం ఉందండీ. ఎన్విరాన్‌మెంట్ లేనప్పుడు టోకెన్‌లోని ‘సబ్’ (ఎవరు అడుగుతున్నారో చెప్పే ఫీల్డ్) చివర ‘రెఫ్స్/హెడ్స్/మెయిన్’ ఉంటుంది. అది తగిలించగానే ‘ఎన్విరాన్‌మెంట్:ప్రొడక్షన్’ అవుతుంది. వాల్ట్ రోల్‌లో (ఏ ‘సబ్’ని రానివ్వాలో రాసుకున్న నియమంలో) పాతదే ఉంటే గడప దాటనివ్వదు. రోల్ మార్పించండి. తొందరలో స్టార్ (*, అంటే ఏదైనా సరే) మాత్రం పెట్టొద్దు, పుల్ రిక్వెస్ట్ (ఇంకా మెయిన్‌లో కలపని మార్పు) జాబులూ దూరిపోతాయి.

ప్రశ్న అడిగినవారు:
అదేనండీ! రోల్ మార్చాక లాగిన్ అవుతోంది. మరి ప్రతి పుల్ రిక్వెస్ట్‌కీ దీన్ని టెస్ట్ చేయాలంటే అసలు వాల్ట్‌నే ముట్టుకోవాలా?

మొదటి జవాబు ఇచ్చినవారు:
అక్కర్లేదు. జాబ్‌లోనే వాల్ట్‌ని డెవ్ మోడ్‌లో లేపండి. 8200 పోర్టులో నడుస్తుంది, అంతా మెమరీలోనే. ఉత్తుత్తి పాస్‌వర్డ్ పెట్టి చదవండి. అసలు వాల్ట్ మీద ఒక ఉల్టా టెస్ట్ చాలు: మీ రెపో పుల్ రిక్వెస్ట్ జాబ్ నుంచి ప్రొడక్షన్ రోల్‌తో లాగిన్ అడగండి, కాదంటేనే పాస్. ఎర్రర్ మెసేజ్ కూడా చూడండి, నెట్‌వర్క్ పడిపోయి ఫెయిలైనా పచ్చ టిక్కు వచ్చేలా రాయొద్దు.