రింగుతో తీసిన మట్టికీ జల్లెడ పట్టిన మట్టికీ నీటి లెక్కలో ఇంత తేడానా?

ప్రశ్న: ఎమ్మెస్సీ విద్యార్థిని, తిరుపతి

అందరికీ నమస్కారం. చంద్రగిరి దగ్గర ఒక శెనక్కాయ చేనులో పై 15 సెంటీమీటర్ల మట్టి తీసుకున్నాను. ఎర్ర గరుసు నేల. ఒకే చోట రెండు రకాలుగా తీశాను. ఒకటి కోర్ రింగు అనే లోహపు వలయం దించి, మట్టి కదలకుండా. ఇంకొకటి పారతో తవ్వి, ఆరబెట్టి, దంచి, 2 మిల్లీమీటర్ల జల్లెడ పట్టి. ఒత్తిడి పెట్టి మట్టిలోని నీళ్ళు బయటికి తోసే ప్రెషర్ ప్లేట్‌లో పెడితే 1/3 బార్ దగ్గర (తడి ఇంకాక నేల పట్టి ఉంచే నీళ్ళు) రింగు మట్టిలో నీళ్ళు బరువులో 11 శాతం, జల్లెడ మట్టిలో 16. 15 బార్ల దగ్గర (మొక్క వాడిపోయే స్థాయి) 4.7, 6.4. దంచితే మట్టి కట్టు (పెళ్ళలు, వాటి సందుల అమరిక) చెదిరి అంకె మారుతుందని తెలుసు, కానీ ఇంతగానా? వచ్చే వారం గైడ్‌కి చూపించాలి, టెన్షన్‌గా ఉంది.

జవాబు: మట్టి ల్యాబులో చేసి రిటైరయ్యాను

అమ్మా, నీ 15 బార్ల అంకెల్లోనే సంగతి ఉంది. 1/3 బార్ దగ్గర నీళ్ళు మట్టి పెళ్ళల సందుల్లో కూడా నిలుస్తాయి. దంచితే ఆ సందులు మారతాయి. 15 బార్లకు వచ్చేసరికి అవి ఎప్పుడో ఖాళీ అయిపోయి, సన్న రేణువులను అంటుకున్న పల్చటి నీటి పొరే మిగులుతుంది. దానికి కట్టుతో పెద్దగా పని లేదు. అక్కడ కూడా తేడా వచ్చిందంటే కట్టు ఒక్కటే కారణం కాదు. జల్లెడ మీద మిగిలిన గరుసు ఏం చేశావు? రింగులో ఆ రాళ్ళున్నాయి. బరువు తూగుతాయి, నీళ్ళు మాత్రం దాదాపు పట్టవు.

ఇంకొకటి చూడు. రింగు దించాక లోపలి మట్టి, బయటి మట్టి ఒకే మట్టంలో ఉన్నాయా? కొత్తలో నేను ఎండిన చేలో సుత్తితో గట్టిగా కొట్టి దించాను. లోపలి మట్టి వేలి మందం కిందికి దిగిపోయింది. గమనించకుండా ల్యాబుకు తెచ్చేశాను. అణిగిన మట్టి కాబట్టి బల్క్ డెన్సిటీ (రింగు పట్టేంత మట్టికి ఎండు బరువు లెక్క) ఎక్కువ వచ్చింది, ఆ రోజు తీసిన పన్నెండు రింగులూ వృథా. చేను పదును మీద ఉన్నప్పుడే వెళ్ళు, రింగు మీద చెక్క పెట్టి నెమ్మదిగా దించు. బురదగా ఉన్నప్పుడు కూడా వద్దు, అంచుల్లో సందులు పూడుకుపోతాయి.

జవాబు: పాకాల రైతు

అమ్మా, మాకు ఈ అంకెలతోనే పని. మట్టి పట్టుకునే నీళ్ళు ఎక్కువని రాస్తే తడికీ తడికీ ఎడం పెంచుతాం, ఊడలు దిగే టైములో చేను వాడిపోతుంది. మా పక్క నేలల్లో గంపెడు మట్టి తీస్తే పావు గంప రాళ్ళే.

ప్రశ్న వేసిన అమ్మాయి:

సార్, గరుసు సంచి పారేయలేదు, ఇప్పుడే తూచాను. మొత్తం మట్టి బరువులో 26 శాతం! గరుసు పోను మిగిలింది 74 శాతం కాబట్టి 16ని 0.74తో గుణిస్తే 11.8, 6.4ని గుణిస్తే 4.7. 15 బార్ల అంకె రింగుతో సరిపోయింది. 1/3 బార్ దగ్గర మిగిలిన ఆ 0.8 మట్టి కట్టుదే అనుకుంటున్నాను.

జవాబు: రిటైరయ్యాను

కొంత కట్టుది, కొంత రింగుది కూడా కావచ్చు. 5 సెంటీమీటర్ల రింగులో ఒక్క పెద్ద రాయి పడినా అంకె మారిపోతుంది. ఒకే చోట ఐదారు రింగులు తియ్యి. థీసిస్‌లో మట్టి ఎలా తీశావో, గరుసు ఎంతో తప్పక రాయి. పాకాల అన్న చేలో కూడా ఒక గుంత తవ్వు.

ప్రశ్న వేసిన అమ్మాయి:

తప్పకుండా సార్. అన్నా, ఈసారి వాన పడిన రెండో రోజు వస్తాను, రింగులన్నీ తెచ్చుకుంటాను.