పెళ్లయింది కానీ దగ్గరికి వస్తే ఒళ్లు బిగుసుకుపోతోంది

పేరు వద్దు (25, హైదరాబాద్):
సంక్రాంతి ముందు పెళ్లయింది. మా ఆయన మంచివాడు, తొందరపెట్టడు. అయినా లోపల గోడ కట్టేసినట్టు ఉంటుంది, ఒకటే మంట. ఇప్పటిదాకా కలవలేకపోయాం. బీటెక్ ఆఖరి సంవత్సరంలో తెలిసినవాడే నన్ను బలవంతం చేశాడు. ఎవరికీ చెప్పలేదు. "విశేషమేమైనా ఉందా" అని అత్తయ్య ఫోన్‌లో అడిగితే కడుపులో తిప్పుతుంది. మొన్న ఒక డాక్టరమ్మ "ఒక బిడ్డ పుడితే అన్నీ సర్దుకుంటాయి" అంది. ఆ బిడ్డ ఎలా పుడుతుందో కూడా చెప్పాల్సింది! ఇది ఆ పాత సంగతి వల్లేనా? లోపల పరీక్ష చేస్తే అది బయటపడుతుందా? అసలు టెన్షన్ అదే.

బాబాయ్_నెల్లూరు:
పాతవి తవ్వుకోకండమ్మా. మర్చిపోతే అదే పోతుంది.

గైనిక్_గుంటూరు:
బాబాయ్ గారూ, మర్చిపోవడం చేతిలో ఉంటే ఆ అమ్మాయి ఇక్కడ రాసేదే కాదు.

అమ్మా, ఇన్నేళ్ల తర్వాత పరీక్ష చేసి అది కనిపెట్టడం ఏ డాక్టర్ వల్లా కాదు. అత్యాచార కేసుల్లో చేసే రెండు వేళ్ల పరీక్షనే సుప్రీంకోర్టు 2013లో తప్పుపట్టింది, దానికి శాస్త్రీయ ఆధారం లేదని 2022లో మళ్లీ చెప్పింది. మీరు చెప్పే లక్షణాలు వజైనిస్మస్‌లా ఉన్నాయి. అంటే యోని చుట్టూ ఉండే కటి కండరాలు మన ప్రమేయం లేకుండానే బిగుసుకుంటాయి. బలవంతానికి గురైనవాళ్లలో రావచ్చు, ఏమీ జరగనివాళ్లకూ వస్తుంది. ఇన్ఫెక్షన్, ఎండోమెట్రియోసిస్ (గర్భాశయం లోపలి పొరలాంటిది బయట పెరిగే జబ్బు) వల్ల కూడా నొప్పి ఉంటుంది కాబట్టి చూపించుకోవాలి. మొదటిరోజే లోపల పరీక్ష అక్కర్లేదు, "ఈరోజు వద్దు" అనండి. పెల్విక్ ఫ్లోర్ ఫిజియోథెరపీ (ఆ కటి కండరాలను వదులు చేయడం నేర్పేది), సన్నవాటితో మొదలుపెట్టి మీ చేతులతో మీరే వాడుకునే డైలేటర్లు (లోపల పెట్టుకునే నున్నటి గొట్టాల్లాంటివి), కౌన్సెలింగ్: చాలామందికి వీటితో తగ్గుతుంది. అప్పటిదాకా ప్రయత్నాలు ఆపండి. నొప్పి భరిస్తూ ప్రయత్నిస్తే బిగువు ఇంకా పెరుగుతుంది.

విజయవాడ_అక్క:
నాకూ ఇదే చెల్లీ. ఫిజియో దగ్గర ముందు నెమ్మదిగా ఊపిరి తీసుకోవడం, కండరం వదలడమే నేర్పారు. మా ఆయనకి మొత్తం చెప్పలేదు, "ఒకప్పుడు నాకు చెడు జరిగింది, వివరాలు అడగకు" అన్నాను. అడగలేదు. అర్ధరాత్రి ఏడుపొస్తే టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) 14416కి చేయి, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు కట్టక్కర్లేదు.

పేరు వద్దు:
డాక్టర్ గారూ, పాత సంగతి చెబితే ఫైల్‌లో రాస్తారా? ఆ ఫైల్ మా ఆయన చేతిలోనే ఉంటుంది.

గైనిక్_గుంటూరు:
నోరు విప్పే ముందే "ఇది ఫైల్‌లో రాయకండి" అని అడగండి. ఆయన్ని కాసేపు బయట కూర్చోమనండి. అది మీ హక్కు. ఒప్పుకోకపోతే ఇంకో డాక్టర్‌ని చూసుకోండి.